ఆ వెల ఎవరి పేరున రాశారు

బయలుదేరే ముందు రోజు అమ్మకు నా ప్రయాణం గురించి వివరంగా చెప్పాను. బెర్లిన్ నుంచి ఆస్ట్రియా సరిహద్దు పల్లె దాకా ఆరు రోజులు. హిట్లర్ కాలంలో విశ్వాసం కోసం ప్రాణం పెట్టిన ఇద్దరు మనుషుల జాడ వెతుక్కుంటూ వెళ్ళాలని నా ఆశ. ఒకరు హిట్లర్‌ను ఎదిరించిన లూథరన్ పాస్టరు డీట్రిష్ బోన్‌హోఫర్. ఇంకొకరు కేథలిక్ రైతు ఫ్రాంజ్ యేగర్‌ష్టెట్టర్. అమ్మ అంతా విని, "వాళ్ళ సంగతి పుస్తకాల్లో ఉంటుంది. వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళు ఏమయ్యారో కనుక్కుని రా" అంది.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. నాన్న ఉద్యోగం వదిలి దేవుని సేవకు వెళ్ళినప్పుడు నాకు ఆరేళ్ళు. ఏ కూడికకు వెళ్ళినా ఆయన త్యాగం గురించి సాక్ష్యం చెప్పమనేవారు. ఆయన చెప్పేవారు, జనం కళ్ళు తుడుచుకునేవారు. ఇంట్లో అర్ధరాత్రి దాటేదాకా అమ్మ కుట్టుమిషను చప్పుడు వినిపించేది. దాని గురించి ఎవరూ సాక్ష్యం అడగలేదు. నాన్న మీద నాకు కోపం లేదు. నమ్మినదాన్ని బతికిన మనిషి ఆయన. కానీ ఆ చప్పుడు మాత్రం నన్ను వదల్లేదు.

ప్రయాణం తేదీలు కావాలనే ఏప్రిల్ 5 నుంచి 10 వరకు పెట్టుకున్నాను. ఎందుకో దారిలో చెబుతాను.

మొదటి రోజు, ఏప్రిల్ 5: బెర్లిన్

హీర్‌ష్ట్రాసె స్టేషనులో దిగి మారియెన్‌బుర్గర్ ఆలీ వీధికి నడిచాను. ఎండ ఉంది కానీ వేడి లేదు. 43వ నంబరు ఇల్లు ఆ వీధిలోని మిగతా ఇళ్ళలాగే ఉంది, ప్రత్యేకంగా ఏమీ కనిపించదు. ముందుగా రాసి అడిగినందువల్ల లోపలికి రానిచ్చారు. చూపించిన పెద్దావిడ నెమ్మదిగా, ప్రతి మెట్టు దగ్గరా ఆగుతూ పైకి తీసుకువెళ్ళింది.

పైకప్పు కింద ఏటవాలు గోడల గది. కిటికీ దగ్గర రాతబల్ల. ఒక పక్కన క్లావికార్డ్ అనే పాతకాలపు సంగీత వాద్యం. ఇది బోన్‌హోఫర్ తల్లిదండ్రుల ఇల్లు. 1943 ఏప్రిల్ 5 మధ్యాహ్నం ఆయన ఈ ఇంటి నుంచి అక్క క్రిస్టీన్ ఇంటికి ఫోను చేశారు. తెలియని మగ గొంతు పలికింది. బావగారిని అరెస్టు చేసి ఇల్లు సోదా చేస్తున్నారని ఆయనకు అర్థమైంది. రహస్య పోలీసులు తన కోసం కూడా వస్తారు. అప్పుడు ఆయన చేసిన పని నన్ను కదిలించింది. పక్కింట్లోనే ఉండే మరో అక్క ఉర్సులా దగ్గరకు వెళ్ళారు. ఆమె తమ్ముడికి కడుపు నిండా భోజనం పెట్టింది. తర్వాత ఈ గదికి వచ్చి కాగితాలు సరిచూసుకుని, మళ్ళీ అక్క ఇంటికి వెళ్ళి కూర్చున్నారు. నాలుగు గంటల ప్రాంతంలో తండ్రి వచ్చి, నీతో మాట్లాడాలని ఇద్దరు మనుషులు వచ్చారని చెప్పారు. మళ్ళీ ఆయన ఈ ఇల్లు చూడలేదు.

ఆయన ఇక్కడ ఉండనవసరమే లేదు. 1939 జూన్‌లో న్యూయార్క్ చేరారు. స్నేహితులు అక్కడ పని చూసి పెట్టారు, ప్రాణానికి భయం లేదు. నెల కూడా నిండకముందే వెనక్కి ఓడ ఎక్కారు. నా ప్రజల కష్టంలో ఇప్పుడు పాలు పంచుకోకపోతే, యుద్ధం తర్వాత జర్మనీలో క్రైస్తవ జీవితాన్ని తిరిగి కట్టే పనిలో చేయి వేసే హక్కు నాకు ఉండదు అన్నది ఆయన చెప్పిన కారణం. రెండేళ్ళ ముందే, 1937లో, శిష్యరికం గురించిన పుస్తకంలో "చౌక కృప" అనే మాట వాడారు. పశ్చాత్తాపం అడగని క్షమాపణ, సిలువ లేని కృప అని దాని అర్థం. ఆ పుస్తకం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆ మాట రాసిన మనిషి ఓడ ఎక్కి వెనక్కి వచ్చిన ఇంట్లో నిలబడితే అది ప్రసంగంలా వినిపించదు.

కిందికి దిగాక నేను అమ్మ ప్రశ్న అడిగాను. తల్లి సంగతి ఏమిటి?

పెద్దావిడ కాసేపు ఊరుకుని వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పౌలా బోన్‌హోఫర్‌కు ఎనిమిది మంది పిల్లలు. వాల్టర్ మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో చనిపోయాడు. 1945 ఏప్రిల్ నెలలో డీట్రిష్‌ను ఉరి తీశారు. అదే నెలలో ఇంకో కొడుకు క్లౌస్‌ను, ఉర్సులా భర్త రూడిగర్‌ను కాల్చి చంపారు. క్రిస్టీన్ భర్త హన్స్ ఫోన్ డోనాన్యీ కూడా ఆ ఏప్రిల్‌లోనే పోయాడు. ఒక్క నెలలో ఇద్దరు కొడుకులు, ఇద్దరు అల్లుళ్ళు. డీట్రిష్ సంగతి వాళ్ళకు నెలల తరబడి ఖాయంగా తెలియలేదు. జూలై 27న లండన్‌లో ఆయన కోసం జరిగిన సంస్మరణ ఆరాధనను బీబీసీ ప్రసారం చేసింది. తల్లీ తండ్రీ ఈ ఇంట్లో కూర్చుని రేడియోలో అది విన్నారు. కొడుకు పోయాడని వాళ్ళకు అలా తెలిసింది.

ఆ రోజు ఇంకెక్కడికీ వెళ్ళలేకపోయాను.

రెండో రోజు, ఏప్రిల్ 6: టేగెల్, ప్లోట్‌జెన్‌జే

టేగెల్ జైలు ఇప్పటికీ జైలే. లోపలికి వెళ్ళడం కుదరదు కనుక ఎర్ర ఇటుక గోడల వెంట బయటే నడిచాను. గోడ చాలా పొడవు. బోన్‌హోఫర్ ఇక్కడ ఏడాదిన్నర ఉన్నారు. ఆయన గది నంబరు 92.

అరెస్టుకు మూడు నెలల ముందు, 1943 జనవరిలో, ఆయనకు మరియా ఫోన్ వేడెమేయర్‌తో పెళ్ళి నిశ్చయమైంది. ఆమెకు పద్దెనిమిదేళ్ళు. అంతకు ముందటి సంవత్సరమే తూర్పు యుద్ధరంగంలో తండ్రి, రెండు నెలలకే అన్న పోయారు. ఆ దుఃఖం ఆరకముందే కాబోయే భర్త జైలుపాలయ్యాడు. వాళ్ళు కలుసుకున్నది కాపలావాడి ఎదుట, జైలు ములాఖత్ గదిలో. ఒక ఉత్తరంలో ఆమె రాసింది: తన మంచం చుట్టూ సుద్దముక్కతో గీత గీసుకున్నానని, అది దాదాపు ఆయన గది అంత ఉంటుందని.

ఆ గీత గురించి ఆలోచిస్తూ గోడ వెంట నడిచాను. ఆమెను ఎవరూ బంధించలేదు, ఎవరూ విచారించలేదు. గీత తానే గీసుకుని లోపల కూర్చుంది. ఇలాంటిదానికి మన సంఘాల్లో పేరు లేదు. విశ్వాసం కోసం ప్రాణం పెట్టినవాణ్ణి హతసాక్షి అంటాం, బోధించేవాణ్ణి సేవకుడు అంటాం. సుద్దగీత లోపల కూర్చున్న అమ్మాయిని ఏమంటాం?

1943 మే నెలలో ఇదే జైలుకు ఫ్రాంజ్ యేగర్‌ష్టెట్టర్‌ను కూడా తెచ్చారు. ఆగస్టు వరకు ఇద్దరూ ఈ గోడల లోపలే ఉన్నారు. ఒకరు బెర్లిన్ ప్రొఫెసరు కొడుకు, ఇంకొకరు పల్లెటూరి బడి చదువు మాత్రమే ఉన్న రైతు.

మధ్యాహ్నం బస్సులో ప్లోట్‌జెన్‌జే అనే మరో జైలు ఉన్న చోటికి వెళ్ళాను. 1933 నుంచి 1945 వరకు ఇక్కడ 2,800 మందికి పైగా మనుషులను చంపారు. ఒక చిన్న ఇటుక షెడ్డు. లోపల అడ్డంగా ఇనుప దూలం, దానికి కొక్కేలు. నేల మీద ఎవరో పెట్టిన పూల గుత్తి. ఇంతే. దాని గురించి ఎక్కువ రాయాలని లేదు.

పక్క గదిలోని కాగితాల దగ్గర మాత్రం చాలాసేపు నిలబడిపోయాను. మరణశిక్ష అమలైన మనిషి కుటుంబానికి బిల్లు పంపేవారు. జైలులో గడిపిన ఒక్కో రోజుకు ఒకటిన్నర మార్కు. మరణశిక్ష అమలుకు 300 మార్కులు. ఆ బిల్లు పంపినందుకు తపాలా ఖర్చు 12 ఫెనిగ్‌లు. అన్నీ కూడి, చివర మొత్తం వేసి, ఇంటికి పంపేవారు.

దావీదు రాజు అరౌనా కళ్ళం దగ్గర అన్న మాట గుర్తొచ్చింది. వెల ఇవ్వకుండా నా దేవునికి బలి అర్పించను అని అతను డబ్బు తూచి ఇచ్చాడు. ఆ వాక్యం మీద నాన్న ఎన్నిసార్లు బోధించారో లెక్కలేదు. ఇక్కడ బిల్లు మీద రాసింది పోయిన మనిషి పేరు కాదు, మిగిలిన మనిషి పేరు. కట్టవలసింది భార్య, లేదా తల్లి. ఆ దుర్మార్గులు తెలియకుండానే ఒక నిజం కాగితం మీద పెట్టారనిపించింది. విశ్వాసం కోసం ఒకరు చేసే త్యాగం వెల ఆ ఒక్కరితో తీరదు.

ఇక్కడే 1945 జనవరి 23న హెల్ముట్ ఫోన్ మోల్ట్‌కెను ఉరి తీశారు. నాజీ పాలన తర్వాత జర్మనీ ఎలా ఉండాలో మిత్రులతో కలిసి ఆలోచించిన న్యాయవాది ఆయన. విచారణ తర్వాత భార్య ఫ్రెయాకు రాస్తూ, జడ్జి ఎదుట తాను భూస్వామిగా గాని, కులీనుడిగా గాని, జర్మన్‌గా గాని నిలబడలేదని, క్రైస్తవుడిగా మాత్రమే నిలబడ్డానని చెప్పారు. ఈ ఉత్తరాలు బయటికి ఎలా వచ్చాయో తెలుసుకోవాలి. టేగెల్ జైలు పాస్టరు హరాల్డ్ పోల్‌షౌ వాటిని దాచి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మోశారు. పట్టుబడితే ఆయనకూ అదే కొక్కెం. ఫ్రెయా ఆ ఉత్తరాలను తమ పొలంలోని తేనెపట్టు పెట్టెల్లో దాచింది. అప్పుడు ఆమెకు 33 ఏళ్ళు, పెద్దవాడికి ఏడేళ్ళు, చిన్నవాడికి మూడు. ఆ తర్వాత ఆమె ఇంకా 65 ఏళ్ళు బతికి 2010 మొదటి రోజున కన్నుమూసింది.

అమ్మా, ఒకరి సంగతి తెలిసింది అనుకున్నాను.

మూడో రోజు, ఏప్రిల్ 7: బ్రాండెన్‌బుర్గ్

బెర్లిన్ నుంచి గంటలోపు రైలు ప్రయాణం. హావెల్ నది మీద తెల్లటి పొగమంచు. గ్యోర్డెన్ అనే శివారులో పెద్ద జైలు ఉంది, ఇప్పటికీ వాడుకలోనే ఉంది. 1940 నుంచి 1945 వరకు అక్కడ కూడా మరణశిక్షలు అమలు చేశారు. 1943 ఆగస్టు 9న, సాయంత్రం నాలుగు గంటలకు, ఫ్రాంజ్ తల నరికింది అక్కడే. ఆయన వయసు 36.

ఆయన చేసిన నేరం ఒక్కటే. హిట్లర్ సైన్యంలో ఆయుధం పట్టనన్నారు. 1943 మార్చి 1న ఎన్స్ పట్టణంలోని బ్యారక్‌కు వెళ్ళి, ఆ మాట నోటితో చెప్పారు. గాయపడినవారికి సేవ చేసే పని ఇస్తే చేస్తానని కూడా అన్నారు. ఆ మాట ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. జూలై 6న బెర్లిన్‌లోని సైనిక న్యాయస్థానం మరణశిక్ష వేసింది.

అంతకు ముందు ఆయన్ను ఆపాలని చూడనివారు లేరు. ఊరి బంధువులు, మిత్రులు, తల్లి. సలహా కోసం లింజ్ బిషప్పు దగ్గరకు వెళితే ఆయన కూడా, నీకు భార్యాపిల్లలున్నారు, ప్రభుత్వం చేసేదానికి నువ్వు జవాబుదారీ కాదు అన్నారు. ఈ మాటే అందరి నోటా వచ్చింది, భార్యాపిల్లలు. ఫ్రాంజ్ దీని గురించి ఊరికే దాటవేయలేదు, రాతపూర్వకంగా తనతో తాను వాదించుకున్నారు. భార్యాపిల్లలు ఉన్నారన్న కారణం చూపి, తప్పని తెలిసిన పని చేయడానికి దేవుడు అనుమతిస్తాడా అని అడిగారు. ఆ ప్రశ్నకు ఆయన జవాబు మనకు తెలుసు.

ఒక ఫొటో ఉంది. ముగ్గురు చిన్న ఆడపిల్లలు వరసగా నిలబడి ఉంటారు: రోజాలియా, మరియా, అలోయిసియా. పెద్దదానికి ఇంకా ఆరేళ్ళు నిండలేదు. వాళ్ళ దగ్గర ఒక పలక లాంటిది, దాని మీద పెద్ద అక్షరాలతో "నాన్నా, త్వరగా రా" అని రాసి ఉంటుంది. దాన్ని జైలులో ఉన్న ఫ్రాంజ్‌కు పంపారు. ఎన్నోసార్లు చూసిన ఫొటో ఇది. ఈసారి బ్రాండెన్‌బుర్గ్ వీధిలో ఒక బెంచీ మీద కూర్చుని ఫోనులో మళ్ళీ చూశాను. చిన్నదాని ముఖం మీద ఎండ పడుతోంది, కళ్ళు చికిలించింది.

ఒక్క సంతకం చాలు. సైన్యానికి ఒప్పుకుంటున్నానని సంతకం పెడితే పిల్లల దగ్గరకు వెళ్ళవచ్చు. ఆయన పెట్టలేదు. ఈ ఫొటో చూశాక కూడా పెట్టలేదు. నేను విశ్వాసినే, అయినా ఆ బెంచీ మీద ఒక నిమిషం ఫ్రాంజ్ మీద కోపం వచ్చింది. దాన్ని దాచిపెట్టి, ఆయన్ను పొగుడుతూ రాస్తే అబద్ధం అవుతుంది. పొగడడానికి ముందు ఆ పలక మీది అక్షరాలు చదవాలి.

కానీ ఆయన రాతల్లో ఎక్కడా తాను గొప్ప పని చేస్తున్నానన్న ధ్వని లేదు. బేడీలు వేసిన చేతులతో రాస్తూ, చేతులకు సంకెళ్ళు పడినా ఫరవాలేదు, మనసుకు పడకూడదని రాశారు. ఇంటివాళ్ళకు కలిగించిన బాధకు క్షమాపణ అడిగారు. చివరి గంటల్లో తోడున్న జైలు పాదిరి, నా జీవితంలో నేను కలిసిన ఒకే ఒక్క పరిశుద్ధుడు ఇతనే అని తర్వాత సన్యాసినులతో అన్నారట. ఫ్రాంజ్ చితాభస్మాన్ని ఆ సన్యాసినులు జాగ్రత్తగా దాచి, యుద్ధం ముగిశాక 1946లో ఆయన ఊరికి చేర్చారు.

నాలుగో రోజు, ఏప్రిల్ 8: రైలులో

రోజంతా వాన, రోజంతా రైలు. దక్షిణానికి, వైడెన్ అనే పట్టణానికి. రెండుసార్లు మారాలి. ఒకచోట మారవలసిన రైలు తప్పిపోయి ప్లాట్‌ఫారం మీద గంటన్నర కూర్చున్నాను.

1938 జనవరిలో ఫ్రాంజ్‌కు ఒక కల వచ్చింది. తళతళలాడే అందమైన రైలు ఒక కొండను చుట్టి వస్తోంది. పెద్దలు, పిల్లలు ఎగబడి ఎక్కుతున్నారు, ఎవరు ఆపినా ఆగరు. అప్పుడు ఒక స్వరం, ఈ రైలు నరకానికి వెళుతోంది అంది. ఆ రైలు నాజీ పార్టీ అని ఆయన గ్రహించారు.

లూకా సువార్త పద్నాలుగో అధ్యాయం తీసి చదివాను. తండ్రిని, తల్లిని, భార్యను, పిల్లలను ద్వేషించకపోతే నా శిష్యుడు కానేరడు అని యేసు చెప్పే చోటు. ద్వేషించడమంటే ఇక్కడ తక్కువగా ప్రేమించడమని పండితులు చెబుతారు. మత్తయి సువార్త కూడా ఈ మాటను అలాగే మెత్తగా చెబుతుంది. నాకు ఊరట ఇచ్చింది ఆ వివరణ కాదు. దాని వెంటనే, రెండు వాక్యాల దూరంలో, గోపురం కట్టేవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడన్న ఉపమానం ఉంది. లెక్క చూసుకోవాలంటే ఎవరి డబ్బు పెడుతున్నామో చూసుకోవాలి కదా. ఇంటివాళ్ళను అడగకుండా వాళ్ళ సొమ్ము పెట్టి గోపురం కట్టేవాళ్ళను నేను ఎరుగుదును. దేవుని పేరు చెప్పి భార్య ఆరోగ్యాన్ని, పిల్లల చదువును ధారపోసి, దాన్ని తమ త్యాగంగా చెప్పుకునేవాళ్ళు వాళ్ళు. ఫ్రాంజ్ చేసినదానికీ దీనికీ తేడా ఉంది. ఆ తేడా ఎక్కడుందో ఈ ప్రయాణంలో తెలుసుకోవాలని ఉంది.

1945లో ఏప్రిల్ 8 ఆదివారం. షోన్‌బెర్గ్ అనే ఊరి బడిలో తోటి ఖైదీల కోసం బోన్‌హోఫర్ ఆరాధన జరిపించారు. ప్రార్థన ముగిసిందో లేదో తలుపు తెరుచుకుంది, ఆయన్ను పిలిచారు.

అయిదో రోజు, ఏప్రిల్ 9: ఫ్లోసెన్‌బ్యూర్గ్

చెక్ సరిహద్దు దగ్గర కొండల మధ్య చిన్న ఊరు. పైన గుట్ట మీద పాత కోట శిథిలాలు. కింద గ్రానైటు గని. ఆ రాయి కోసమే 1938లో నాజీలు ఇక్కడ నిర్బంధ శిబిరం పెట్టారు. ఈ శిబిరం, దాని శాఖలు కలిపి సుమారు లక్ష మందిని బంధించాయి. అందులో సుమారు 30,000 మంది చనిపోయారు. లోయలో ఒక చిన్న ప్రార్థనాలయం ఉంది. యుద్ధం తర్వాత, కూల్చిన కాపలా బురుజుల రాళ్ళతో కట్టారు. లోపల తడి రాయి వాసన.

శిక్షా గదుల పక్కన గోడ, దాని ముందు ఖాళీ స్థలం. 1945 ఏప్రిల్ 9 తెల్లవారుజామున బోన్‌హోఫర్‌ను, ఇంకొందరిని ఇక్కడ ఉరి తీశారు. రెండు వారాలకు, ఏప్రిల్ 23న, అమెరికన్ సైన్యం ఈ శిబిరాన్ని విడిపించింది. బెర్లిన్‌లో బోన్‌హోఫర్ అన్న క్లౌస్‌ను కాల్చి చంపింది ఆ ముందు రాత్రే. నేను వెళ్ళిన రోజున గోడ దగ్గర తాజా పూలు ఉన్నాయి. నలుగురైదుగురు మనుషులు మౌనంగా నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు, ప్రభువు ప్రార్థన మాత్రం తెలుగులో నెమ్మదిగా చెప్పుకున్నాను.

బోన్‌హోఫర్‌కు కాబోయే భార్య మరియా కూడా ఇక్కడికి వచ్చింది. ఆయన్ను బెర్లిన్ నుంచి ఎక్కడికి తరలించారో తెలియక, 1945 ఫిబ్రవరి చలిలో, వెచ్చటి బట్టలు సర్దిన సూట్‌కేసు మోసుకుంటూ ఈ శిబిరం దాకా నడిచి వచ్చింది. అలాంటి మనిషి ఇక్కడ లేడని చెప్పి పంపేశారు. నిజంగానే అప్పుడు ఆయన ఇక్కడ లేరు. సూట్‌కేసు మళ్ళీ మోసుకుంటూ వెనక్కి నడిచింది. తర్వాత గణితం చదువుకుని, అమెరికా వెళ్ళి, కంప్యూటర్ రంగంలో పని చేసింది. ఆయన ఉత్తరాలను భద్రంగా దాచింది. 1977లో చనిపోయింది.

బస్సు స్టాపు నుంచి శిబిరం దాకా నడిచిన కొద్ది దూరంలోనే నా వీపుమీది సంచి బరువనిపించింది.

ఏప్రిల్ 9కి నా దృష్టిలో ఇంకో గుర్తింపు కూడా ఉంది. 1936లో ఇదే తేదీన, పవిత్ర గురువారం నాడు, ఫ్రాంజ్‌కు ఫ్రాన్సిస్కా ష్వానింగర్‌తో పెళ్ళి జరిగింది. ఆ రాత్రి రేగెన్స్‌బుర్గ్‌లో దిగి, మరునాడు వాళ్ళిద్దరూ కాపురం ఉన్న ఊరికి వెళ్ళే రైలు సమయాలు చూసుకుని పడుకున్నాను.

ఆరో రోజు, ఏప్రిల్ 10: సాంక్ట్ రాడెగుండ్

సాల్జ్‌బుర్గ్ నుంచి చిన్న లోకల్ రైలు ఓస్టర్‌మీటింగ్ దాకా వస్తుంది, అదే చివరి స్టేషను. అక్కడి నుంచి నడిచాను. పొలాలు, అడవి ముక్కలు, దూరంగా మంచు కప్పిన ఆల్ప్స్. దారిలో ఒక ట్రాక్టరు తప్ప ఏమీ ఎదురుకాలేదు. సాల్జాఖ్ నదికి అటువైపు జర్మనీ. హిట్లర్ పుట్టిన బ్రౌనౌ కూడా ఈ జిల్లాలోనిదే.

1938 ఏప్రిల్ 10న ఇక్కడ ఓటింగు జరిగింది. ఆస్ట్రియాను జర్మనీలో కలపడం ఇష్టమేనా అని ప్రశ్న. ఈ ఊళ్ళో "వద్దు" అని వేసింది ఫ్రాంజ్ ఒక్కరే. అధికారులు మాత్రం ఊరంతా నూటికి నూరు శాతం ఒప్పుకుందని లెక్క పంపారు. ఆ తేదీనే ఇక్కడ ఉండాలని ప్రయాణాన్ని ఇలా అమర్చుకున్నాను.

వాళ్ళ ఇల్లు ఇప్పుడు జ్ఞాపక గృహం. సాదా రైతు ఇల్లు. నేను ఎక్కువసేపు చూసింది ఫ్రాంజ్ వస్తువులను కాదు. ఈ గడప మీద ఆమె ఎలా నిలబడి ఉంటుంది, పాలు పితికే చోటు ఎక్కడ, పిల్లలు ఎక్కడ పడుకునేవారు అని చూశాను.

ఫ్రాన్సిస్కా పక్క ఊరి పిల్ల. పెళ్ళినాటికి 23 ఏళ్ళు. యువకుడిగా ఫ్రాంజ్ దూకుడు మనిషి, ఈ ఊరికి మొదటి మోటారు సైకిలు తెచ్చినవాడు. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి ప్రార్థించేవారు, కలిసి బైబిలు చదివేవారు. అతను మారడానికి కారణం ఆమెనే అని ఊరు నమ్మింది. అందుకే అతను సైన్యానికి వెళ్ళనన్నప్పుడు నింద ఆమె మీద పడింది. అత్తగారు కూడా ఆమెనే అన్నారు.

నిజానికి ఆమె మొదట వద్దని బతిమాలింది. పిల్లలున్నారని చెప్పింది. తర్వాత చూస్తే, ఊళ్ళో ప్రతి ఒక్కరూ అతనితో వాదిస్తున్నారు, ఒక్కరూ అతని పక్షాన లేరు. అప్పుడు వాదించడం మానేసింది. నేను కూడా అతని పక్కన నిలబడకపోతే అతనికి ఎవరూ ఉండేవారు కాదు అని ముసలితనంలో చెప్పింది.

ఈ మాట కోసమే నేను ఇంత దూరం వచ్చానేమో. రైలులో వెతికిన తేడా నాకు ఇక్కడ కనబడింది. అతను ఆమెను అడగకుండా ఏదీ ఖర్చు పెట్టలేదు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారు. ఆమె వద్దంది, అతను విన్నాడు, తన మనస్సాక్షి చెప్పినదాన్ని చెప్పాడు. ఆమె తనకు తానుగా అతని పక్కకు జరిగి నిలబడింది. పిల్లలను మాత్రం ఎవరూ అడగలేదు. వాళ్ళు ఆ పలక పట్టుకుని నిలబడ్డారు. ఆ భాగానికి నా దగ్గర జవాబు లేదు. బాలుడైన యేసును చేతుల్లోకి తీసుకున్న సుమెయోను, తల్లి మరియ వైపు తిరిగి నీ హృదయంలోకి కూడా ఒక ఖడ్గం దూసుకుపోతుంది అన్నాడు. సిలువ మోసే కొడుకు గురించి చెప్పవలసిన మాట తల్లికి కూడా చెప్పాలని అతనికి తెలిసింది.

1943 జూలై 13న ఆమె ఊరి పాదిరితో కలిసి బెర్లిన్ వెళ్ళి భర్తను చివరిసారి చూసింది. ఇరవై నిమిషాలు. ఆ తర్వాత ముగ్గురు చిన్నపిల్లలు, అత్తగారు, పొలం, పశువులు. ఊరు ఆమెను దూరం పెట్టింది. దేశం కోసం పోరాడి చనిపోయినవాడు కాదు కనుక వితంతు పింఛను ఇచ్చేది లేదన్నారు. 1950లో గాని అది రాలేదు. ఆయన త్యాగాన్ని లోకం గుర్తించడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. ఒక అమెరికన్ సమాజ శాస్త్రవేత్త వెతుక్కుంటూ వచ్చి 1964లో పుస్తకం ప్రచురించేదాకా బయట పెద్దగా ఎవరికీ తెలియదు. 2007 అక్టోబరు 26న లింజ్ పెద్ద చర్చిలో ఆయన్ను ధన్యుడిగా, అంటే పరిశుద్ధుడిగా గుర్తించే ముందు మెట్టులో, ప్రకటించారు. 94 ఏళ్ళ ఫ్రాన్సిస్కా అక్కడే ఉంది. భర్త అవశేషం ఉన్న పాత్రను తీసుకుని ముద్దు పెట్టుకుంది. నూరేళ్ళు నిండిన కొద్ది రోజులకు, 2013 మార్చి 16న కన్నుమూసింది. భర్తతో బతికింది ఏడేళ్ళు, అతను లేకుండా బతికింది దాదాపు డెబ్బై.

చర్చి చాలా చిన్నది. 1946 ఆగస్టు 9న, సరిగ్గా మూడేళ్ళకు, ఆయన భస్మాన్ని ఈ గోడ పక్కనే పెట్టారు. ఫ్రాంజ్ ఈ చర్చిలో పరిచారకుడిగా ఉండేవారు: తలుపులు తీయడం, గంట కొట్టడం, బలిపీఠం సిద్ధం చేయడం. ఆయన వెళ్ళిపోయాక ఆ పని ఫ్రాన్సిస్కా చేపట్టింది. తనను నిందించిన ఊరివాళ్ళ కోసమే ఆమె ఆ తలుపులు తెరిచింది. మరణశిక్ష గురించి చదివినప్పుడు రాని కన్నీళ్ళు ఈ ఒక్క సంగతి దగ్గర వచ్చాయి.

సాయంత్రం చర్చి మూయడానికి ఒకావిడ తాళంచెవితో వచ్చింది. నన్ను చూసి, తొందర లేదన్నట్టు చేయి ఊపి బయట నిలబడింది. వెనక బెంచీలో కూర్చుని అమ్మకు కార్డు రాశాను.

"అమ్మా, ఆమె పేరు ఫ్రాన్సిస్కా. మొదట వద్దంది, తర్వాత అతని పక్కన నిలబడింది. అతను పోయాక పొలం చేసింది, పిల్లలను పెంచింది, ఇదిగో నేను కూర్చున్న ఈ చర్చి తలుపులు తీసింది. ఇన్నేళ్ళూ నేను నిన్ను అడగలేదు. నాన్న ఉద్యోగం మానేస్తానని చెప్పిన రోజున నువ్వేమన్నావు?"